పోలీసులు లేని రోమ్‌లో డిటెక్టివ్ ఎలా పుట్టాడు?

క్రీ.శ. 24లో రోమ్‌లో అప్రోనియా అనే మహిళ ఎత్తు నుంచి పడి చనిపోయింది. భర్త ప్లాటియస్ సిల్వానస్ మామూలు మనిషి కాదు, ప్రేటర్ హోదాలో ఉన్న న్యాయాధికారి. తాను గాఢ నిద్రలో ఉన్నానని, ఆమె తనంతట తానే ప్రాణం తీసుకుందని చెప్పాడు. మామగారు నమ్మలేదు. అల్లుణ్ని నేరుగా చక్రవర్తి టైబీరియస్ దగ్గరికి లాక్కెళ్లాడు. టైబీరియస్ విని ఊరుకోలేదు. అప్పటికప్పుడు ఆ ఇంటికి వెళ్లి పడకగది చూశాడు. ఆమె ప్రతిఘటించిన గుర్తులు, బలవంతంగా తోసేసిన ఆనవాళ్లు అక్కడ కనిపించాయని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. కేసు సెనేట్‌కు వెళ్లింది. విచారణ మొదలయ్యేలోపే సిల్వానస్‌కు అతని నానమ్మ ఒక బాకు పంపింది. పరువు పోకముందే ప్రాణం తీసుకోమని దాని అర్థం.

ఘటనా స్థలం, అబద్ధం చెప్పే భర్త, అనుమానించే మామ, గదిలో ఆనవాళ్లు. డిటెక్టివ్ కథకు కావలసిన సరంజామా అంతా ఇందులో ఉంది. లేనిది డిటెక్టివ్ ఒక్కడే. ఆ గది చూడటానికి స్వయంగా చక్రవర్తి కదలాల్సి వచ్చింది. అలాంటి గదిలోకి వెళ్లి చూడటమే ఉద్యోగంగా ఉన్న అధికారి రోమ్ వ్యవస్థలో లేడు.

ప్రాచీన రోమ్ నేపథ్యంలో ఇంగ్లిష్‌లో వస్తున్న నేర పరిశోధన నవలలు చదివే తెలుగు పాఠకులకు మొదట వచ్చే సందేహం ఇదే. 2,000 ఏళ్ల కిందట డిటెక్టివ్ ఎక్కడున్నాడు? ఇదంతా ఇప్పటి మనిషికి టోగా చుట్టి పాత కాలంలో నిలబెట్టడం కాదా? ఆ సందేహానికి జవాబు రోమన్ న్యాయవ్యవస్థ పనిచేసిన తీరులోనే ఉంది.

క్లుప్తంగా

రోమ్‌లో డిటెక్టివ్ అనే వృత్తి లేదు. అది రచయితల కల్పన. ఆ కల్పన నిలబడిన ఖాళీ మాత్రం నిజం. కోర్టులు, చట్టాలు, మహావక్తలు ఉన్న సమాజంలో నిజాన్ని వెతికే బాధ్యతను రాజ్యం ఎవరికీ అప్పగించలేదు. ఫిర్యాదు చేసినవాడే ఆధారాలు తెచ్చుకోవాలి. ఈ తరహా నవలలకు బలం అక్కడి నుంచే వచ్చింది. వాటికి అతి కష్టమైన పరీక్ష కూడా అదే వ్యవస్థలో ఉంది: బానిసల సాక్ష్యం.

దొంగతనం జరిగితే ఎవరికి చెప్పాలి?

క్రీస్తు పుట్టిన కాలానికి రోమ్ నగర జనాభా సుమారు 10 లక్షలని అంచనా. అంత పెద్ద ఊళ్లో రాత్రిపూట గస్తీ తిరిగే పెద్ద దళం క్రీ.శ. 6లో గానీ ఏర్పడలేదు. అగస్టస్ చక్రవర్తి ఏర్పాటు చేసిన ఆ దళం పేరు విజిలెస్. నగరంలోని 14 వార్డులకు 7 పటాలాలు, ఒక్కో పటాలానికి రెండు వార్డులు. వారి మొదటి పని మంటలార్పడం. దారిలో దొంగలు, ఇళ్లకు నిప్పు పెట్టేవాళ్లు దొరికితే పట్టుకునేవారు. హత్య జరిగిన ఇంటికి వచ్చి వాంగ్మూలాలు తీసుకోవడం, అనుమానితుల జాబితా రాయడం వాళ్ల పని కాదు. అగస్టస్‌కు ముందు, అంటే వక్త, న్యాయవాది సిసెరో, జూలియస్ సీజర్‌ల కాలంలో ఆ స్థాయి గస్తీ కూడా లేదు.

ఆ లోటు సామాన్యుడికి ఎలా ఉండేదో చెప్పే ఆధారాలు బ్రిటన్‌లోని బాత్ పట్టణంలో దొరికాయి. అక్కడి వేడినీటి బుగ్గలో సులిస్ మినర్వా దేవతకు జనం రాసి వేసిన సీసపు రేకులు సుమారు 130 బయటపడ్డాయి. చాలావాటిలో ఉన్నవి దొంగతనం ఫిర్యాదులే. డోసిమెడిస్ అనే అతని చేతి తొడుగులు రెండు పోయాయి. తీసినవాడి మతి పోవాలని, కళ్లు పోవాలని ఆ రేకు మీద రాశాడు. మరికొన్ని రేకుల్లో ‘మగైనా ఆడైనా, బానిసైనా స్వతంత్రుడైనా’ అనే మాట కనిపిస్తుంది. దొంగ ఎవరో తెలియదు కాబట్టి ఎవరూ తప్పించుకోకుండా అన్ని రకాలూ కలిపి రాశారు. అనుమానితుల జాబితా అంటే అదే. స్టేషన్‌లో ఇవ్వాల్సిన కంప్లయింట్‌ను దేవత చేతికి ఇచ్చారు.

పెద్ద నేరాలకు కోర్టులు ఉండేవి. నియంత సుల్లా క్రీ.పూ. 81లో హత్యలు, విషప్రయోగాల మీద ప్రత్యేక చట్టం చేసి శాశ్వత న్యాయస్థానాలను బలపరిచాడు. వాటిలో జ్యూరీ ఉంటుంది, అధ్యక్షత వహించే అధికారి ఉంటాడు. ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్ మాత్రం ఉండడు. ఎవరో ఒక పౌరుడు ముందుకొచ్చి ‘ఫలానావాడు నేరం చేశాడు’ అని పేరు నమోదు చేయిస్తేనే కేసు. సాక్షులను వెతకడం, పత్రాలు సంపాదించడం, వాదించడం అన్నీ అతని నెత్తినే. ఎవరూ ముందుకు రాకపోతే శవం పడి ఉన్నా కేసు లేదు.

కొమ్మూరి సాంబశివరావు డిటెక్టివ్ యుగంధర్‌ను చదివి పెరిగిన పాఠకుడికి ఇక్కడ తేడా వెంటనే తెలుస్తుంది. యుగంధర్ కథల్లో పోలీసు శాఖ ఉంది. డిటెక్టివ్ దానికి తోడుగానో, దానికంటే రెండడుగులు ముందుగానో నడుస్తాడు. రోమ్‌లో అతని ముందూ వెనకా ఎవరూ లేరు. అతను కనిపెట్టకపోతే ఇంకెవరూ కనిపెట్టరు. టెన్షన్ అక్కడే పుడుతుంది.

క్రీ.పూ. 80: రోస్కియస్ కేసు

ఈ తరహా నవలలకు తల్లివేరు లాంటి కేసు ఒకటుంది. అమేరియా అనే చిన్న పట్టణానికి చెందిన సెక్స్‌టస్ రోస్కియస్ తన తండ్రిని చంపాడని ఆరోపణ. అతని తరఫున వాదించింది 26 ఏళ్ల సిసెరో. తండ్రిని చంపినవాడికి పడే సంప్రదాయ శిక్ష దారుణం: తోలు సంచిలో కుట్టేసి నీళ్లలో పడేస్తారు.

తండ్రి పేరూ సెక్స్‌టస్ రోస్కియస్సే. రోమ్‌లో రాత్రి విందు నుంచి తిరిగొస్తూ పల్లసీనా స్నానశాలల దగ్గర హత్యకు గురయ్యాడు. ఆయనకు 13 పొలాలు, దాదాపు అన్నీ టైబర్ నది ఒడ్డునే. విలువ రోమన్ నాణేల్లో 60 లక్షల సెస్టర్సులు. ఆయన చనిపోయాక జరిగిన సంగతే అసలు కథ. సుల్లా తన శత్రువుల పేర్లతో జాబితాలు ప్రకటించి, వాళ్లను చంపించి, ఆస్తులు జప్తు చేయించేవాడు. ఆ జాబితాలు క్రీ.పూ. 81 జూన్ 1తో ముగిశాయి. హత్య జరిగింది ఆ తర్వాత కొన్ని నెలలకు. అయినా ఈ పెద్దాయన పేరు జాబితాలోకి ఎక్కింది, ఆస్తి వేలానికి వచ్చింది. సుల్లా దగ్గర ఒకప్పటి బానిస, ఇప్పుడు పలుకుబడి ఉన్న క్రిసోగొనస్ దాన్ని కొన్నాడు. 60 లక్షల ఆస్తికి అతను పెట్టిన ధర 2,000 సెస్టర్సులు. ఆ తర్వాతి తరంలో, సీజర్ జీతాలు పెంచాక, మామూలు సైనికుడి ఏడాది సంపాదన 900. రెండేళ్ల సిపాయి జీతం చాలు, నది ఒడ్డున 13 పొలాలు చేతికొచ్చాయి.

సిసెరో వాదన ఒక ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: దీనివల్ల ఎవరికి లాభం? లాటిన్‌లో ‘కుయ్ బోనో’. లూషియస్ కాసియస్ అనే పాత న్యాయాధికారి ప్రతి కేసులోనూ ఇదే అడిగేవాడని సిసెరో జ్యూరీకి గుర్తుచేశాడు. ఇప్పటికీ నేర పరిశోధనలో ముందు అడిగే ప్రశ్న ఇదే.

ఆ ప్రసంగంలో అంతకంటే పదునైన వివరం వేరే ఉంది. హత్య రాత్రి మొదటి గంట దాటాక జరిగింది. తెల్లవారేసరికి ఆ కబురు అమేరియా చేరింది. మల్లియస్ గ్లౌసియా అనేవాడు రాత్రికి రాత్రి 10 గంటల్లో 56 రోమన్ మైళ్లు, అంటే సుమారు 83 కిలోమీటర్లు, తేలికపాటి బండ్లలో వెళ్లి చెప్పాడు. ఎవరికి చెప్పాడన్నది గమనించాలి. చనిపోయినవాడి కొడుక్కి కాదు, ఆ కుటుంబానికి శత్రువైన టైటస్ రోస్కియస్ కపిటోకి. చావు కబురు ముందు శత్రువు ఇంటికి ఎందుకు వెళ్లింది? అర్ధరాత్రి బండ్లు ఎవరు సిద్ధం చేశారు? అంత తొందర ఎవరికి?

ఈ లెక్కను కాస్త దగ్గర నుంచి చూడాలి. రోమన్ గంట మన గంట కాదు. పగటిని 12 భాగాలు, రాత్రిని 12 భాగాలు చేస్తారు. కాలాన్ని బట్టి గంట సాగుతుంది, కుదించుకుపోతుంది. రోమ్‌లో నడి చలికాలంలో రాత్రి సుమారు 15 గంటలు, కాబట్టి రాత్రి గంట అంటే దాదాపు 75 నిమిషాలు. నడి వేసవిలో అదే 45 నిమిషాలు. అంటే గ్లౌసియా ప్రయాణం చలికాలంలో అయితే పన్నెండున్నర గంటలు, వేసవిలో అయితే ఏడున్నర గంటలు. గంటకు ఆరున్నర కిలోమీటర్ల వేగం ఒకటి, పదకొండు కిలోమీటర్ల వేగం ఇంకొకటి. మొదటిది తాపీగా వెళ్లినా చేరేది. రెండోది దీపాల్లేని దారిలో ముందే ఏర్పాట్లుంటే తప్ప కష్టం. నిందితుడు ఆ సమయంలో ఎక్కడున్నాడన్న లెక్క రాసే రచయిత హత్య ఏ నెలలో జరిగిందో నిర్ణయించుకోకుండా ఒక్క పేజీ ముందుకు వెళ్లలేడు. ఇది తెలిసి రాసిన నవలకూ తెలియక రాసిన నవలకూ తేడా మొదటి 50 పేజీల్లోనే బయటపడుతుంది.

రోస్కియస్ నిర్దోషిగా బయటపడ్డాడని సిసెరో జీవితచరిత్ర రాసిన ప్లూటార్క్ చెప్పాడు. హంతకుడు ఎవరో మాత్రం తేలలేదు. సిసెరో వేలు చూపించింది టైటస్ రోస్కియస్ మాగ్నస్, కపిటోల వైపు. కానీ మనకు మిగిలింది ఒక్క పక్షం వాదనే. డిఫెన్స్ లాయర్ ప్రసంగం విని ‘నిజం ఇదే’ అనుకోవడం ఎంత ప్రమాదమో కోర్టు మెట్లెక్కిన ఎవరికైనా తెలుసు. ఆ తేలని భాగమే నవలా రచయితకు దొరికిన జాగా. 1991లో స్టీవెన్ సేలర్ ‘రోమన్ బ్లడ్’ నవలను ఈ కేసు మీదే రాశాడు. సిసెరోకు ఆధారాలు సేకరించి పెట్టే ఒక పరిశోధకుణ్ని సృష్టించి ఆ ఖాళీలో నిలబెట్టాడు. కల్పన ఎంత సహజంగా అతుక్కుందంటే, ప్రసంగం చదివినవాళ్లకు అలాంటి మనిషి ఒకడు వెనకాల ఉండే ఉంటాడనిపిస్తుంది.

మైనపు పలక మీద చెరిపిన పేరు

సిసెరో స్వయంగా దర్యాప్తు చేసిన సందర్భం కూడా ఉంది. క్రీ.పూ. 70లో సిసిలీ మాజీ గవర్నర్ వెర్రెస్ మీద దోపిడీ కేసు. ఈసారి సిసెరో ప్రాసిక్యూటర్. ఆధారాల సేకరణకు 110 రోజుల గడువు తీసుకుని, 50 రోజుల్లోనే సిసిలీ అంతా తిరిగి వచ్చాడు. సిరక్యూస్‌లో పన్నుల కాంట్రాక్టు కంపెనీ లెక్కల పుస్తకాలు తిరగేస్తుంటే ‘గాయస్ వెర్రూకియస్’ అనే పేరు కనిపించింది. ఆ పేరు మీద పెద్ద మొత్తాలు నడిచాయి. వెర్రెస్ సిసిలీకి రాకముందు ఆ ఖాతా లేదు, అతను వెళ్లిపోయాక కూడా లేదు.

ఆ రోజుల్లో లెక్కలు రాసేది మైనం పూసిన చెక్క పలకల మీద. గంటం మొనతో రాస్తారు, తప్పు పడితే వెనకవైపు చదునైన భాగంతో మైనం సర్ది మళ్లీ రాస్తారు. సర్దిన చోట మచ్చ మిగులుతుంది. ఆ పేరులో ‘వెర్ర్’ వరకు అక్షరాలు చెక్కుచెదరలేదు. ఆ తర్వాతి భాగం ప్రతిచోటా చెరిపి రాసినదే. అలాంటి మనిషి ఎవరు, ఏ ఊరివాడు అని అడిగితే కంపెనీ ప్రతినిధి దగ్గర జవాబు లేదు. ఆ పుస్తకాలను రాష్ట్రం దాటించడానికి చట్టం ఒప్పుకోదు. అందుకని సిసెరో చెరిపిన మచ్చలతో సహా అచ్చు గుద్దినట్టు నకలు రాయించాడు.

ఫోరెన్సిక్ ల్యాబ్ లేని కాలంలో పత్రం మీద ఇంత పని జరిగింది. రోమన్ డిటెక్టివ్ నవలలో హీరో మైనపు పలకను దీపం దగ్గర పెట్టి చూసే సీన్ వస్తే అది సినిమా పోకడ అనుకోనక్కర్లేదు, దానికి చరిత్రలో ఆధారం ఉంది. వెర్రెస్ మొదటి విడత విచారణ తర్వాత తీర్పు కోసం ఆగకుండా ప్రవాసానికి వెళ్లిపోయాడు. రెండో విడత కోసం రాసుకున్న ప్రసంగాలను సిసెరో పుస్తకాలుగా విడుదల చేయడం వల్లే ఈ పలక సంగతి మనదాకా వచ్చింది.

అన్నిటికంటే కష్టమైన చోటు: బానిస సాక్ష్యం

రోమన్ ఇంట్లో జరిగే ప్రతిదీ బానిసల కళ్ల ముందే జరుగుతుంది. తలుపు తీసేది, దీపం పట్టుకుని ముందు నడిచేది, వంట చేసేది, ఉత్తరం రాసేది, పక్క సర్దేది వాళ్లే. సహజంగానే ప్రతి నేరానికీ మొదటి సాక్షి బానిస. రోస్కియస్ తండ్రి చనిపోయిన రాత్రి ఆయన వెంట ఇద్దరు బానిసలు ఉన్నారు. వాళ్లను ప్రశ్నించనివ్వమని కొడుకు అడిగితే అవతలివాళ్లు ఒప్పుకోలేదు. ఆ ఇద్దరూ అప్పటికి క్రిసోగొనస్ ఇంట్లో ఉన్నారు. కేసులో అన్నిటికంటే బలమైన సాక్ష్యం నిందితుడి చేతికి అందకుండా పోయింది.

అందినా అది మనం అనుకునే సాక్ష్యం కాదు. బానిస మాట కోర్టులో చెల్లాలంటే చిత్రహింస పెట్టి రాబట్టాలి. దెబ్బలకు ఓర్చుకోలేక ఏదైనా చెప్పేస్తారని రోమన్ న్యాయకోవిదులకూ తెలుసు, ఆ మాట వాళ్లు రాశారు కూడా. అయినా పద్ధతి మారలేదు. పైగా సొంత యజమానికి వ్యతిరేకంగా బానిసను హింసించి ప్రశ్నించడం మామూలుగా నిషిద్ధం. రాజద్రోహం వంటి కొన్ని నేరాల్లో మాత్రమే మినహాయింపు. దీంతో కుటుంబం లోపల జరిగిన నేరంలో నిజం తెలిసినవాళ్లకే నోరు లేకుండా పోయింది.

యజమాని ఇంట్లోనే హత్యకు గురైతే కథ పూర్తిగా తిరగబడుతుంది. క్రీ.శ. 10 నాటి సెనేట్ తీర్మానం ప్రకారం ఆ కప్పు కింద ఉన్న బానిసలందరినీ హింసించి ప్రశ్నించాలి. యజమానిని కాపాడటానికి ప్రయత్నించలేదన్నదే వాళ్ల నేరం. ఆ విచారణ ముగిసేదాకా చనిపోయినవాడి వీలునామా తెరవకూడదు. వీలునామా కోసం వేచి చూసే వారసులు ఒకవైపు, ప్రాణభయంతో వణికే ఇంటి మనుషులు ఇంకోవైపు. హంతకుణ్ని త్వరగా పట్టుకుంటే కొందరైనా బతుకుతారన్న ఆశ ఉంటుంది. నవలకు ఇంతకంటే గట్టి గడువు ఏ రచయితా ఊహించి పెట్టలేడు.

ఇది కాగితాల మీదే మిగిలిపోయిన చట్టం కాదు. క్రీ.శ. 61లో నగర పాలకుడు పెడానియస్ సెకండస్‌ను అతని బానిసే చంపాడు. స్వేచ్ఛకు ధర మాట్లాడుకుని ఆ తర్వాత యజమాని మాట తప్పాడని ఒక కారణం వినిపించింది, ప్రేమ వ్యవహారంలో పోటీ అని ఇంకొకటి. ఆ ఇంట్లో 400 మంది బానిసలు. ఆడవాళ్లు, పిల్లలు, ఏ పాపం ఎరగనివాళ్లు అందులో ఎందరో. జనం వీధుల్లోకి వచ్చి అడ్డుపడ్డారు. సెనేట్‌లోనూ అభ్యంతరాలు వినిపించాయి. న్యాయకోవిదుడు గాయస్ కాసియస్ లేచి, భయం లేకపోతే ఈ జనాన్ని అదుపులో పెట్టలేమని వాదించి నెగ్గాడు. నీరో దారి పొడవునా సైనికులను నిలబెట్టి 400 మందినీ వధ్యస్థలానికి తీసుకెళ్లేలా చేశాడు.

ఈ తరహా నవల మంచిదా కాదా తేల్చేది ఇక్కడే. చాలామంది రచయితలు హీరోను ఇప్పటి మనిషిలా ఆలోచింపజేసి ఈ ఇబ్బంది నుంచి బయటపడతారు. అతను బానిసత్వాన్ని అసహ్యించుకుంటాడు, ఎవరినీ కొట్టడు, అందరితో మర్యాదగా మాట్లాడతాడు. చదవడానికి హాయిగా ఉంటుంది గానీ, 400 మంది చావును మామూలు పాలనగా చూసిన సమాజం ఆ పేజీల్లోంచి జారిపోతుంది. బలమైన నవలల్లో హీరోకే ఒకరిద్దరు బానిసలు ఉంటారు. వాళ్లు అతనికి ఎంత దగ్గరైనా, తన చేతిలో ఉన్న అధికారం ఏమిటో అతనికి గుర్తొచ్చే సందర్భం ఒకటి వస్తుంది. బానిస నోరు విప్పితే కేసు తేలుతుంది, విప్పించాలంటే కోర్టు అతన్ని హింసిస్తుంది. కోర్టుకు వెళ్లకుండా నమ్మకంతో ఆ మాట తెలుసుకోగలిగిన ప్రైవేటు మనిషి అవసరం అక్కడ పుడుతుంది. డిటెక్టివ్ పాత్రకు రోమన్ సమాజం ఇచ్చే అసలైన సమర్థన ఇదే.

విషమా, చేతబడా?

దెబ్బల వల్లో, కత్తిపోటు వల్లో చనిపోతే చూసి చెప్పొచ్చు. సీజర్ శవాన్ని పరీక్షించిన వైద్యుడు ఆంటిస్టియస్ 23 గాయాల్లో ఛాతీ మీద పడిన రెండోదే ప్రాణం తీసిందని చెప్పినట్టు చరిత్రకారుడు స్యుటోనియస్ రాశాడు. విషం దగ్గరికొచ్చేసరికి ఆ కాలపు వైద్యం చేతులెత్తేసింది.

క్రీ.శ. 19లో సిరియాలో చనిపోయిన జర్మానికస్ ఉదంతం చూడాలి. అతను టైబీరియస్ దత్తపుత్రుడు. గవర్నర్ పీసో తనకు విషం పెట్టించాడని నమ్ముతూ పోయాడు. ఇంటి నేలలో, గోడల్లో మనుషుల ఎముకలు, జర్మానికస్ పేరు చెక్కిన సీసపు రేకులు, సగం కాలిన బూడిద దొరికాయి. దహనానికి ముందు శవాన్ని ఆంటియోక్ నగర ఫోరంలో, అంటే నగర కూడలిలో, బహిరంగంగా ఉంచారు. శరీరం మీద విషం గుర్తులు ఉన్నాయా అంటే, జర్మానికస్ మీద జాలి ఉన్నవాళ్లకు కనిపించాయని, పీసో పక్షంవాళ్లకు కనిపించలేదని టాసిటస్ చెప్పిన తీరు చూస్తే ఆ కాలపు ‘పోస్ట్‌మార్టం’ ఎంత నిలకడ లేనిదో అర్థమవుతుంది. విషాలు తయారుచేస్తుందని పేరున్న మార్టీనాను విచారణకు రోమ్‌కు పంపితే దారిలో బ్రుండీసియంలో హఠాత్తుగా చనిపోయింది. ఆమె జడముడిలో విషం దాచి ఉంది, ఒంటి మీద ఆత్మహత్య ఆనవాళ్లు లేవు. ఆ మరుసటి ఏడాది రోమ్‌లో విచారణ నడుస్తుండగా పీసో గొంతు కోసుకుని ఉన్న స్థితిలో దొరికాడు.

మంత్రం, విషం రెండూ రోమన్ల దృష్టిలో దాదాపు ఒకే గాటన పడతాయి. మన పల్లెల్లో చేతబడి ఆరోపణలతో మనుషులను కొట్టిన వార్తలు చదివినవాళ్లకు ఆ భయం ఎలా పనిచేస్తుందో విడమరచి చెప్పక్కర్లేదు. పరిశోధకుడి కష్టం రెండింతలవుతుంది. నిజంగా ఏం జరిగిందో కనిపెట్టాలి, జనం ఏం జరిగిందని నమ్ముతున్నారో దానితోనూ తలపడాలి.

ఏ కాలం ఎంచుకుంటారు, ఏ పేరు పెడతారు

రచయితలు ఎక్కువగా రెండు కాలాల మీద వాలతారు. ఒకటి గణతంత్రం కూలిపోతున్న సుల్లా–సిసెరో–సీజర్ల కాలం. కోర్టు ప్రసంగాలు, ఉత్తరాలు కుప్పలుగా మిగలడం దీనికి కారణం. రెండోది వెస్పేసియన్ కాలం. క్రీ.శ. 69లో ఒక్క ఏడాదిలో నలుగురు చక్రవర్తులు మారాక వచ్చిన పాలన అది. పాత లెక్కలు, దాచిన డబ్బు, ఎవరు ఎటువైపు ఉన్నారన్న అనుమానాలు ఊరంతా ఉంటాయి. 1989లో లిండ్సే డేవిస్ రాసిన, ఫాల్కో హీరోగా వచ్చిన తొలి నవల క్రీ.శ. 70లోనే మొదలవుతుంది. బ్రిటన్ గనుల నుంచి మాయమవుతున్న లోహపు దిమ్మల చుట్టూ కథ నడుస్తుంది.

ఫాల్కో వృత్తికి ఇంగ్లిష్‌లో వాడిన మాట ‘ఇన్‌ఫార్మర్’. తెలుగు పాఠకుడికి ఈ మాట ఒక్కసారిగా గుచ్చుకుంటుంది. ఉద్యమాలు నడిచిన జిల్లాల్లో ‘ఇన్‌ఫార్మర్’ ముద్ర పడితే ప్రాణాలు పోయిన రోజులున్నాయి. విచిత్రంగా రోమ్‌లోనూ ఆ మాటకు అలాంటి చరిత్రే ఉంది. లాటిన్‌లో డెలాటర్ అంటే ఇతరుల మీద నేరం మోపి, శిక్ష పడితే ఆస్తిలో వాటా పొందేవాడు. రాజద్రోహం కేసుల్లో అది నాలుగో వంతు వరకు ఉండేది. జనం భయపడేవారు, అసహ్యించుకునేవారు. అనువాదకుడు దీన్ని ‘గూఢచారి’ అనో ‘పరిశోధకుడు’ అనో మారిస్తే ఆ మరక తుడిచిపెట్టుకుపోతుంది. ‘ఇన్‌ఫార్మర్’ అని అలాగే ఉంచేయడం మేలు.

పేర్ల గందరగోళం చాలామందిని మొదటి అధ్యాయంలోనే ఆపేస్తుంది. మగవాళ్లకు వాడుకలో ఉన్న సొంత పేర్లు పట్టుమని 20 కూడా ఉండవు. మధ్యలో వచ్చేది వంశం పేరు, మన ఇంటిపేరు లాంటిది. ఆడపిల్లకు ఆ వంశం పేరే పేరు: టుల్లియస్ కూతురు టుల్లియా. అక్కాచెల్లెళ్లు ముగ్గురుంటే ముగ్గురిదీ అదే పేరు. విడుదలైన బానిస యజమాని ఇంటిపేరు తగిలించుకుంటాడు. సిసెరో రాయసగాడు టీరో అలాగే మార్కస్ టుల్లియస్ టీరో అయ్యాడు. ఈ ఒక్క సూత్రం తెలిస్తే ఎవరు ఎవరి మనిషో పేరులోనే దొరుకుతుంది.

కృష్ణా తీరం దాకా వచ్చిన దారి

తెలుగు నేలకు ఈ ప్రపంచం పూర్తిగా పరాయిది కాదు. క్రీ.శ. మొదటి శతాబ్దంలో గ్రీకులో రాసిన ఓడ వ్యాపారుల మార్గదర్శి ‘పెరిప్లస్’ తూర్పు తీరంలో మసాలియా ప్రాంతాన్ని, అక్కడ విస్తారంగా నేసే నూలు బట్టలను పేర్కొంటుంది. అది నేటి మచిలీపట్నం చుట్టుపక్కల కృష్ణా తీరమని పండితులు గుర్తించారు. భారతదేశం ఏటా 5 కోట్ల సెస్టర్సులకు తక్కువ కాకుండా లాగేస్తోందని అదే శతాబ్దంలో రోమన్ రచయిత ప్లినీ వాపోయాడు. సరుకు మీద ఎర్ర సముద్రం వైపు సరిహద్దులో 25 శాతం సుంకం. క్రీ.శ. రెండో శతాబ్దపు ఒక పపైరస్ మీద కేరళ తీరంలోని ముజిరిస్‌తో వ్యాపారానికి తీసుకున్న అప్పు ఒప్పందం, ఒక ఓడ సరుకు విలువ లెక్క మిగిలాయి. అప్పు, సుంకం, గోదాము, సీలు వేసిన మూటలు: నేరం దాగడానికి ఇన్ని చోట్లున్న వ్యాపారం ఇంకొకటి దొరకదు. ఇంగ్లిష్ రచయితలు రోమ్ నుంచి తూర్పు వైపు చూస్తూ దీన్ని అప్పుడప్పుడు తాకారు. ఇటు ఒడ్డు నుంచి అటు చూసే నవలకు తెలుగు రచయితలకు ఉన్న వెసులుబాటు వాళ్లకు లేదు.

అందుకు ఆధారం కళ్ల ముందే ఉంది. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో వెయ్యికి పైగా రోమన్ వెండి నాణేలు, దెనారియస్‌లు, ఒకేచోట దొరికాయి. దక్షిణాదిలో దొరికిన రోమన్ నాణేల్లో కొన్నిటి మీద ఒక వింత గుర్తు ఉంటుంది. చక్రవర్తి బొమ్మ మీద, సరిగ్గా తలకు అడ్డంగా, ఉలితో పెట్టిన లోతైన గాటు. లోపల రాగి ఉందేమోనని పరీక్షించడానికి పెట్టిందని కొందరు పండితులు అంటారు. పరీక్ష కోసమైతే అంచున గోకితే చాలు, ఇది ఆ నాణెం ఇక్కడ డబ్బుగా చెల్లదని, లోహపు ముక్కగానే చెల్లుతుందని చెప్పడానికి పెట్టిన గుర్తని ఇంకొందరు అంటారు. గాటు పెట్టిన చెయ్యి ఎవరిదో, ఏ కొట్లో కూర్చుని పెట్టారో, ఎవరి ఆజ్ఞ మీద పెట్టారో ఇంతవరకు తేలలేదు.